అమ్రోలి బ్రాంచి ఇన్‌చార్జి

జమున పేరు గోడకెక్కిన రోజు ఆమె పెట్టెలోంచి పెండ్లిళ్లకు కట్టే చీర తీసి కట్టుకుంది. సూరత్ గోడాదరాలో ఆటో ఎక్కి, మధ్యలో ఇంకో ఆటో మారి, తాపీ నది వంతెన దాటి అమ్రోలి హోటల్‌కు చేరేసరికి యజమాని రాజలింగం అప్పటికే క్యాష్ కౌంటర్ వెనక మేకు కొట్టిస్తున్నాడు. ఫ్రేము కట్టిన లైసెన్సు, దాని పక్కన ఇంకో చిన్న బోర్డు. బోర్డు మీద గుజరాతీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి ఆమె పేరు. కింద ఫోన్ నంబరు. ఒక మూలకు ఆమె ఫోటో.

"చూస్కో చెల్లె," అన్నాడు రాజలింగం. "ఇయ్యాల్టి సంది ఈ బ్రాంచికి నువ్వే ఇన్‌చార్జివి. గిరాకి లొల్లి పెట్టినా, సర్కారోళ్లు వచ్చినా ముందుగాల నిన్నే అడుగుతరు."

ఆ మాటలో భయపడాల్సింది ఏదో ఉందని జమునకు తోచలేదు. అడుగుతారన్నదే ఆమెకు వినబడింది. పదకొండేళ్లుగా పిండి రుబ్బుతున్న మనిషిని ఎవరూ ఏదీ అడగలేదు మరి.

రాజలింగందీ ఆమెదీ సిరిసిల్ల దిక్కు పక్కపక్క ఊళ్లు. ఆయన కూడా ఒకప్పుడు అందరిలాగే సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చినవాడే. ఆ దుమ్ములో ఇమడలేక గోడాదరాలో దోశల బండి పెట్టాడు. బండి దుకాణమైంది, దుకాణం మూడైంది. గోడాదరాలో ఒకటి, అమ్రోలిలో ఒకటి, ఉన్‌లో ఒకటి. మనోళ్లంతా ఆయన్ని సేటు అంటారు. జమున మాత్రం అన్నా అంటుంది. ఏటా రాఖీ కడుతుంది.

బోర్డు పెట్టడానికి నెల ముందు ఆయన కాయితాలు పట్టుకుని ఇంటికి వచ్చాడు. నాలుగు చోట్ల సంతకం కావాలన్నాడు. జమున కూతురు సుమన బీకాం చదువుతుంది. గుజరాతీ, హిందీ, తెలుగు మూడూ ఒకే మాటలో కలిపేసే పిల్ల. "మామయ్యా, ఏక్ మినిట్, చదివి ఇస్త," అంది.

"చదువు బిడ్డా, నేనొద్దన్ననా? మూడు దుకాణాలున్నోడు ఒక్కో దుకాణానికి ఒక్కో పేరు రాసియ్యాలె. గదే రూలు."

సుమన ఒక పేజీ చదివి తలెత్తింది. "అమ్మా, ఇండ్ల నువ్వు జవాబ్‌దార్ అని ఉన్నది. ఏమన్న అయితే నువ్వే జవాబు చెప్పాలట."

"మరి నేను గాక ఎవలు చెప్తరే?" అంది జమున, కొంచెం కోపంగానే. ఆ వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? నాలుగు చోట్లా తెలుగులో సంతకం పెట్టింది. అక్షరాలు గుండ్రంగా, ఒక్కోటి విడివిడిగా.

రెండేళ్లు అంతా బాగానే గడిచింది. జీతం కొద్దిగా పెరిగింది, మర్యాద చాలా పెరిగింది. ఆమె భర్త సదానందం పనిచేసే కార్ఖానాలో కూడా "ఇన్‌చార్జి అక్క బాగుందా" అని అడిగేవాళ్లు.

మూడో ఏడు వానాకాలం గట్టిగా పట్టుకుంది. హోటల్ వెనక సందులో, భూమిలో కట్టిన నీళ్ల టాంకి ఉంది. దానికి జానెడు దూరంలో మురుగు నీళ్ల గటర్ పోతుంది. జులైలో ఒక పొద్దున నల్లా తిప్పి దోసిట్లో నీళ్లు పట్టగానే జమున ముక్కుకు తెలిసిపోయింది. తాగే నీళ్లకు ఫిల్టర్ మిషన్ ఉంది కానీ, చట్నీకి, పిండికి, గిన్నెలకు టాంకి నీళ్లే.

"అన్నా, టాంకి గోడ పలిగినట్టున్నది. నీళ్లు వాసనొస్తున్నయ్," అని ఫోన్ చేసింది.

"వానలు గదా చెల్లె, ఊరంత గట్లనే ఉంటది. జర బ్లీచింగ్ ఎయ్యి."

బ్లీచింగ్ వేసింది. రెండు రోజులు బ్లీచింగ్ వాసన, మూడో రోజు మళ్లీ ఆ వాసన. రెండోసారి ఫోన్ చేస్తే ఆయనే వచ్చాడు. మూత తీయించి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు. "గణపతి పండుగ దాటనియ్. ఇప్పుడు తవ్విపిస్తే పదిహేను దినాలు బంద్ వెట్టాలె," అన్నాడు. మూడోసారి చేసినప్పుడు ఆయన గొంతు మారింది. "ఇన్‌చార్జివి నువ్వా, నేనా? దినాం నాకే ఫోన్ చేస్తే నువ్వెందుకున్నట్టు?"

ఆ తర్వాత జమున ఫోన్ చేయలేదు. తనే ఒక ఉపాయం చేసుకుంది. పొద్దున్నే పెద్ద గిన్నె నిండా నీళ్లు కాగబెట్టి, చల్లార్చి, చట్నీకి ఆ నీళ్లే వాడేది. గ్యాస్ అయిపోతోందని పక్కన పనిచేసే కరుణ గొణిగినా పట్టించుకోలేదు. ఆ సంగతి ఇంట్లో సదానందానికి కాస్త గొప్పగానే చెప్పుకుంది కూడా. సేటు చేయని పని తను చేస్తున్నానన్న తృప్తి ఉండేది ఆమెకు.

ఆగస్టులో సంగీత బిడ్డ నిత్యకు ఆరేళ్లు నిండాయి. సంగీతది గోడాదరాలో రెండు గల్లీల అవతలి ఇల్లు. ఆమె మొగుడూ సదానందమూ ఒకే కార్ఖానాలో సాంచాలు నడుపుతారు. నిత్య బర్త్‌డే ఎక్కడ చేద్దామా అని ఆమె ఆలోచిస్తుంటే జమునే అంది, "మా హోటల్ల చేస్కోరాదు? నేను దగ్గరుండి చూస్త."

ఆదివారం సాయంత్రం పద్దెనిమిది మంది వచ్చారు. అంతకుముందే హోటల్ కిటకిటలాడుతోంది. ఏడున్నరకు చట్నీ అయిపోయింది. కొబ్బరి ఉంది, పుట్నాలు ఉన్నాయి, కాచిన నీళ్లు చుక్క లేవు, ఫిల్టర్ నీళ్లు హాల్లో తాగడానికే చాలడం లేదు. కాచి చల్లార్చాలంటే గంట పడుతుంది. హాల్లో పిల్లలు చెంచాలతో ప్లేట్లు వాయిస్తున్నారు. వెయిటరు రెండుసార్లు వచ్చి పోయాడు. "అక్కా, ఏం చేద్దాం?" అంది కరుణ.

జమున నల్లా ముందు కాసేపు నిలబడింది. ఒక్క పూట, అనుకుంది. తిప్పింది. రెండు చెంబులు పట్టి మిక్సీలో పోసింది.

సోమవారం మధ్యాహ్నానికి కబురు రావడం మొదలైంది. మంగళవారానికి పదకొండు మంది దవాఖానలో ఉన్నారు. వాళ్లలో నిత్య ఒకతి. వాంతులు, విరేచనాలు. మిగతావాళ్లు రెండు మూడు రోజుల్లో లేచారు కానీ నిత్య ఎనిమిది రోజులు సెలైన్ మీదే ఉంది. జమున రెండుసార్లు దవాఖానకు పోయి, వార్డు బయట నిలబడి, లోపలికి పోలేక తిరిగి వచ్చింది. రెండోసారి సంగీతే బయటికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వెందుకక్కా ఏడుస్తవు? నీకేం తెలుసు పాపం. దుకాణం పెట్టినోడు చూస్కోవాలె గాని."

జమున కళ్లు తుడుచుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.

ఆ బుధవారమే పదకొండు గంటలకు ఫుడ్ ఆఫీసర్లు వచ్చారు. ముగ్గురు. పెద్దామెకు నలభై దాటి ఉంటాయి, జుట్టు వెనక్కి బిగించి కట్టుకుంది. వస్తూనే తలకు టోపీ, చేతులకు తొడుగులు వేసుకుని నేరుగా వంటింట్లోకి నడిచింది. ఫ్రిజ్ తెరిచి చూసింది. పిండి, చట్నీ, సాంబారు సీసాల్లోకి తీయించి, మూతలకు సీలు వేయించింది. వెనక సందులోకి పోయి ఇనుప రాడ్డుతో టాంకి మూత తనే ఎత్తింది. లోపల గోడల మీద బొద్దింకలు చెదిరి పారిపోయాయి. ఆమె మొహం చిట్లించలేదు, ఫోటోలు తీసుకుంది.

"ఇక్కడ ఇన్‌చార్జి ఎవరు?" అని హిందీలో అడిగింది.

అప్పటికే వచ్చి వెనక నిలబడిన రాజలింగం, "ఈ బెన్," అని, గుజరాతీలో అక్కను పిలిచినట్టు, జమునను చూపించాడు.

"ఈ వాసన ఎన్ని రోజుల నుంచి ఉంది, బెన్? మీ సేటుకు చెప్పావా?"

జమున నోరు తెరిచేలోపే రాజలింగం తెలుగులో మాట్లాడాడు. మొహం మీద నవ్వు చెదరలేదు. వచ్చినవాళ్లకు మర్యాద చేయమని చెబుతున్నట్టే ఉంది గొంతు. "చెల్లె, నాకు చెప్పలేదని చెప్పు. నా పేరు ఎక్కిందంటే మూడు దుకాణాలు బందయితయ్. ముప్పై అయిదు మంది మనోళ్లు రోడ్డు మీద పడ్తరు. నీ సంగతి నేను చూస్కుంట. జుర్మానా పడ్తే నేనే కడ్త. అన్నను గాదా?"

"ఏమంటున్నాడు?" అంది ఆఫీసర్.

"మీరు చాయ్ తాగుతరా అని అడుగుతున్నడు మేడం," అంది జమున. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. దాని తర్వాతది ఇంకా సులువైంది. "సేటుకు చెప్పలేదు మేడం. నాకే తెలువదు."

ఆఫీసర్ పొయ్యి దిక్కు చూసింది. పొద్దున కాగబెట్టిన పెద్ద గిన్నెలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. "మరి ఈ నీళ్లు ఎందుకు మరిగించావు?"

"సాంబారుకు."

ఆమె రాయబోయి పెన్ను ఆపింది. "బెన్, ఇప్పుడు నువ్వు చెప్పింది కాయితం మీద ఉండిపోతుంది. ఇంకోసారి అడుగుతున్నా. సేటుకు చెప్పావా?"

జమున కళ్ల ముందు ముప్పై అయిదు మంది లేరు. రాజలింగం ఒక్కడే ఉన్నాడు. ఆమె మొగుడికి ఆరు నెలలు పని లేనప్పుడు ఇంటికి బియ్యం పంపిన రాజలింగం, గోడ మీద పేరు పెట్టించిన రాజలింగం. "లేదు మేడం," అంది.

పంచనామా రాశారు. జమున కింద గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. సాయంత్రానికి షట్టరు దింపి నోటీసు అంటించారు.

మొదటి నెల రాజలింగం ఇంటికే జీతం పంపాడు. రెండో నెల సగం పంపాడు. మూడో నెల విచారణకు రమ్మని నోటీసు వచ్చింది, ఒకటి దుకాణం పేరు మీద, ఒకటి జమున పేరు మీద. ఆయనకు ఫోన్ చేస్తే, "వకీలును పెట్టిన. నువ్వు ఊకె వచ్చి కూసో," అన్నాడు.

జమున సుమనను వెంటబెట్టుకుని పోయింది. వకీలు ఇద్దరి తరఫునా మాట్లాడతాడనే అనుకుంది. లేచి నిలబడిన వకీలు నున్నగా, మెత్తగా మాట్లాడాడు. తన క్లయింటుకు మూడు దుకాణాలున్నాయనీ, చట్టం ప్రకారమే ఒక్కో చోట ఒక్కొక్కరిని బాధ్యులుగా పెట్టారనీ, అమ్రోలిలో ఉన్న బాధ్యురాలు టాంకి సంగతి యజమానికి ఏనాడూ తెలియజేయలేదనీ చెప్పాడు. "ఇది నా మాట కాదు సార్, ఆమె మాటే," అని పంచనామా చదివి వినిపించాడు.

జమున రాజలింగం వైపు చూసింది. ఆయన ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు.

"చెప్పమ్మా," అని సుమన మోచేత్తో పొడిచింది. జమున లేచి నిలబడి, వచ్చీరాని హిందీలో, మూడుసార్లు చెప్పానంది. ఫోన్ చేశానంది. సుమన ఫోన్ కాల్స్ జాబితా చూపించింది.

"సేటుకూ ఇన్‌చార్జికీ రోజుకు పది ఫోన్లు ఉంటాయి సార్," అన్నాడు వకీలు. "ఉల్లిగడ్డలు అయిపోయినా చేస్తారు."

తీర్పు చెప్పాల్సిన పెద్దాఫీసరు జమునను అడిగాడు. "చెప్పి ఉంటే ఆ రోజు చెప్పలేదని ఎందుకన్నావు?"

దానికి జమున దగ్గర జవాబు ఉంది. అన్న చెప్పమన్నాడు. కానీ ఆ గదిలో, ఆ కుర్చీల మధ్య ఆ జవాబు ఎంత చిన్నగా వినిపిస్తుందో ఆమెకు ముందే తెలిసిపోయింది. కూర్చుంది.

దుకాణానికి కొంత జుర్మానా పడింది. అది రాజలింగానికి నాలుగు రోజుల గల్లా. జమునకు అరవై వేలు పడింది. అది ఆమెకు అయిదు నెలల జీతం, జీతమంటూ ఉంటే. మెట్లు దిగుతుంటే ఆ రోజు తనిఖీకి వచ్చిన ఆఫీసర్ మేడం ఎదురైంది. ఆగింది.

"రెండుసార్లు అడిగాను బెన్," అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది జమునకు.

మర్నాడు జమున గోడాదరా దుకాణానికి పోయింది. పొద్దున టిఫిన్ల వేళ. సగం టేబుళ్లలో సాంచాల పనివాళ్లే, అందరూ తెలిసిన మొహాలే.

"అన్నా, జుర్మానా నువ్వు కడ్తనన్నవు."

రాజలింగం కౌంటర్ మీదినుంచి తలెత్తాడు. "నాది నేను కట్టిన. నీది గూడ నేనే కట్టాలంటే, ఆ చట్నీల నల్లా నీళ్లు నేను పోసిన్నా?"

కరుణ చెప్పి ఉంటుంది. టేబుళ్ల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"రెండు నెలల మీద దుకాణం బందున్నది నీ పుణ్యాన," అన్నాడాయన, ఈసారి అందరికీ వినబడేట్టు. "టాంకి సాఫ్ చేపియ్యాల్సింది ఎవలు? గోడ మీద పేరెవలది? చెల్లె అని నెత్తి మీద పెట్టుకుంటే గిట్ల చేసినవు. ఇగ నన్నేమడగకు."

సాయంత్రానికి గోడాదరా అంతా ఆ మాటే నడిచింది.

దీపావళికి ముందు అమ్రోలి హోటల్ మళ్లీ తెరిచారు. కొత్త టాంకి, కొత్త టైల్స్. ఇన్‌చార్జి కరుణ అని తెలిసి జమున ఫోన్ చేసింది.

"కరుణా, నా మాటిను. ఆ కాయితాల మీద సంతకం పెట్టకు."

"పెట్టిన అక్కా, నిన్ననే," అంది కరుణ. "రెండేండ్లు నీ ఫోటో గోడ మీదుంటే మేమేమన్న అన్నమా? ఇప్పుడు నాకు దొరికిందని నీకెందుకంత మంట?"

"మంట గాదే, రేపు ఏదన్న అయితే..."

"ఏమైతది? టాంకి కొత్తగ కట్టిండ్రు గదా."

"టాంకి సంగతి గాదు."

"మరేంది?"

జమున చెప్పబోయింది. కరుణకు గిరాకి వచ్చినట్టుంది, ఫోన్ పెట్టేసింది.

ఇంతమందిలో జమున పక్షాన నిలబడ్డది ఒక్క సంగీతే. కూరగాయల బజార్లో ఎవరో జమునను మాట అంటే సంగీత వాళ్ల మీద విరుచుకుపడింది. "దవాఖానల పన్నది నా బిడ్డ. నాకు లేని కోపం మీకెందుకు? అక్కకు తెలువదు. తెలిస్తే పిల్లలకు పెడ్తదా?" అంది. అక్కడితో ఆగలేదు. ఆ రోజు రోగమొచ్చిన పదకొండు మంది ఇండ్లకూ తిరిగింది. జమున జుర్మానా సేటే కట్టాలని ఒక అర్జీ రాయించి, తొమ్మిది మంది చేత సంతకాలు చేయించింది. ఇంత మంది అడిగితే రాజలింగం ఇజ్జత్ కోసమైనా కడతాడని ఆమె ధైర్యం. నిజంగా కట్టేవాడేమో కూడా.

ఒక ఆదివారం పొద్దున ఆ కాయితం చూపించడానికి సంగీత జమునను ఇంటికి పిలిచింది. నిత్య గడప దగ్గర కూర్చుని బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. దవాఖాన నుంచి వచ్చి రెండు నెలలు దాటినా పిల్ల చేతులు ఇంకా పుల్లల్లాగే ఉన్నాయి. జమున కాయితం చేతిలోకి తీసుకుంది. పైన సుమనలాంటి వాళ్లు చదవగల గుజరాతీ అక్షరాలు, కింద ఏడు సంతకాలు, రెండు వేలిముద్రలు. మొదటి వరుసలోనే ఉంది, జమునకు నీళ్ల సంగతి తెలియదని. అది సంగీత తెలుగులో చెప్పి వినిపించింది.

"రేపు సేటు ముందట పెడ్త. ఏమంటడో చూద్దాం," అంది సంగీత.

"సంగీతా," అంది జమున. "నాకు తెలుసు."

"ఏంది?"

"నీళ్లు మంచిగ లేవని నాకు తెలుసు. నెల ముందటి సంది తెలుసు. సేటుకు మూడుసార్లు చెప్పిన. ఆయన ఇనలే. దినాం నీళ్లు కాగబెట్టి వాడేదాన్ని. ఆ దినం కాగిన నీళ్లు అయిపోయినయ్."

సంగీత గడప దగ్గరి నిత్య వైపు ఒకసారి తిరిగి చూసింది.

"తెలిసే పోసినవా?"

జమున తల ఊపింది.

"సేటు మంచోడు గాదని నాకు తెలుసక్కా. పైసల కోసం ఆడు ఏమన్న చేస్తడు. ఆడు నా బిడ్డను ఎరుగడు." సంగీత గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "నువ్వు ఎరుగుదువు. చట్నీ నువ్వే తెచ్చినవు. నిత్య ప్లేట్ల నువ్వే ఏసినవు. కారం లేదు తిను బిడ్డా అన్నవు."

"అన్న," అంది జమున.

సంగీత ఆమె చేతిలోంచి కాయితం తీసుకుంది. చింపలేదు. నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. నిత్య రెక్క పట్టుకుని లేపి, రంగుల డబ్బా కూడా తీసుకుని లోపలికి నడిచింది. తలుపు వేసుకుంది. లోపల్నుంచి పిల్ల గొంతు వినబడింది, "అమ్మా, అత్త పోయిందా?"

"ఎవలూ రాలే," అంది సంగీత.

జుర్మానా జమునే కట్టింది. సదానందం కార్ఖానా సేటు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. దాని కోసం ఆయన రోజూ ఇంకో నాలుగు గంటలు ఎక్కువ నిలబడాలి. ఏ హోటల్లోనూ జమునకు పని దొరకలేదు. రెండు చోట్ల ఆమె పేరు చెప్పగానే ముందు ఫోన్‌లో వెతికి, ఆ కేసు చూసి వద్దన్నారు. ఇప్పుడు చీరల మార్కెట్ నుంచి మూటలు ఇంటికే వస్తాయి. చీర వెనక వేలాడే దారాలు కత్తిరించి, మడతపెట్టి ఇవ్వాలి. చీరకు ఇంత అని లెక్క.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన సుమన పుస్తకాల సంచి కింద పెట్టి, అంతకాలం ఆపుకున్న మాట అడిగేసింది.

"సంగీత ఆంటీకి ఎందుకు చెప్పినవ్ అమ్మా? ఆమె అర్జీ పెట్టనిస్తే మామయ్య కట్టేటోడు గదా. ఎవలకు తెలుస్తుండె?"

జమున కత్తెర ఆపలేదు. "ఆఫీసర్ మేడం అడిగినప్పుడు చెప్పాల్సిన మాట అది. అప్పుడు చెప్పలే."

"ఇప్పుడు చెప్తే ఏమొచ్చింది మరి?"

"ఏం రాలే," అంది జమున.

సుమన చాప మీద ఎదురుగా కూర్చుని, ఇంకో కత్తెర తీసుకుని, మూటలోంచి ఒక చీర తన ముందుకు లాక్కుంది.